ఆగడానికి చోటున్న నవలలు

నేను ఒక వ్యాసపీఠాన్ని. పేరు విని లేచి నిలబడి దండం పెట్టనక్కర్లేదు. పుస్తకాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చునే రెండు చెక్కరెక్కలు, అంతే. విప్పితే కత్తెరలా నిలబడతాను, ముడిస్తే చంకలో ఇముడుతాను. పీఠాలన్నింటిలోకీ నాకు దక్కిన గౌరవం ఒక్కటుంది. నా మీద ఎవరూ కూర్చోరు. కుర్చీకీ, పీటకీ, మంచానికీ ఆ అదృష్టం లేదు. అందుకే నాకు కాస్త పొగరెక్కువని గిట్టనివాళ్ళు అంటారు. అది నిజమే.

నరసాపురంలో వీరభద్రాచారి అనే వడ్రంగి ఒకే ఒక్క టేకు పలకలోంచి నన్ను తీశాడు. పలక మందాన్ని రెండు వైపుల నుంచీ నడుము దాకా చీల్చి, నడుము దగ్గర పళ్ళలాగా తొలిచి, రెండు ముక్కలూ విడిపోకుండా ఒకదాంట్లోంచి ఒకటి తిరిగేలా చేశాడు. నాలో మేకు లేదు, కీలు లేదు, చుక్క జిగురు లేదు. పైన ఒక తామరపువ్వు చెక్కుతుండగా వీధిలో ఏదో పెళ్ళి ఊరేగింపు వెళ్ళింది. తల తిప్పి చూశాడు. ఉలి జారి ఒక రేకు ఎగిరిపోయింది. “దేవుడు రేకులు లెక్కపెడతాడేంటి” అని ఆచారి ఊరుకున్నాడు. అలా పుట్టుకతోనే ఒక రేకు తక్కువైన పువ్వుని మోస్తూ లోకంలోకి వచ్చాను.

నన్ను మొదట కొన్నది విస్సాశాస్త్రి గారు. ఆయన పురాణం చెబుతుంటే ఊరు ఊరంతా చాపలు తెచ్చుకుని కూర్చునేది. ఆ రోజుల్లో నా మీద పట్టుగుడ్డ, గుడ్డ మీద గ్రంథం, గ్రంథం మీద తులసిదళం. శాస్త్రిగారికి ఒక నియమం ఉండేది. అశుభం దగ్గర గ్రంథం మూయకూడదు. ఎవరైనా చచ్చిపోయే ఘట్టం వచ్చిందంటే, ఎంత పొద్దుపోయినా, గొంతు ఎంత బొంగురుపోయినా, ఆయన ఇంకా ముందుకు చదివేవారు. ఎక్కడో ఒక బిడ్డ పుట్టాలి, ఒక పెళ్ళి కుదరాలి, కనీసం ఒక వాన కురవాలి. అప్పుడు గానీ “స్వస్తి” అని పుస్తకం మూసేవారు కాదు. ఆకలేసినవాళ్ళు, చంటిపిల్లల తల్లులు లోలోపల తిట్టుకునేవారు, కానీ లేచేవారు కాదు. సగం శవంతో ఇంటికెళ్ళే ధైర్యం ఎవరికీ లేదు.

ఒకసారి యుద్ధంలో ఓ పసివాడు పడిపోయే ఘట్టం చదువుతుండగా గాలివాన విరుచుకుపడింది. పందిరి లేచిపోయింది. జనం చెల్లాచెదురయ్యారు. శాస్త్రిగారు గ్రంథం తడిసిపోతుందని గబుక్కున మూసి ఉత్తరీయంలో చుట్టుకున్నారు. ఆ వారంలోనే వశిష్ఠ గోదావరిలో నావ ఒకటి బోల్తా కొట్టింది. పోయినవాళ్ళలో పేరిందేవి అనే కొత్త పెళ్ళికూతురి మొగుడున్నాడు. గాలివానకి నావ మునిగింది గానీ పుస్తకం మూసినందుకు మునగలేదని ఎవరైనా చెప్పొచ్చు. చెప్పారు కూడా. కానీ పేరిందేవి ఆ రోజు పురాణంలో ముందు వరసలో కూర్చుని ఉంది, పుస్తకం మూయడం చూసింది. శాస్త్రిగారు మళ్ళీ నా మీద గ్రంథం పెట్టలేదు.

ఆయన పోయాక ఇంటివాళ్ళు సామాను పంచుకుంటూ నన్ను ఓ ఫోటో స్టూడియోకి ఇచ్చేశారు. అదొక వనవాసం. నా మీద ఒక లావుపాటి పుస్తకం పెట్టి, ముందు జనాన్ని కూర్చోబెట్టి ఫోటోలు తీసేవారు. ఉద్యోగాలకి వెళ్ళేవాళ్ళు, పెళ్ళిచూపుల పిల్లలు, పదవి దిగిపోయిన ప్రెసిడెంట్లు, అందరూ నా మీది పుస్తకంలోకి గంభీరంగా చూసేవారు. పుస్తకం తలకిందులుగా ఉందని ఒక్కరూ కనిపెట్టలేదు. సెల్‌ఫోన్లు వచ్చి స్టూడియో మూతపడ్డాక పాత సామాన్ల కొట్లో, తిరగని ఫ్యాన్ల పక్కన పడేశారు.

అక్కడికి ఇనప మూకుడు కోసం వచ్చింది మంగతాయారు. నన్ను చూసి, దుమ్ము తుడిచి, విప్పి, మళ్ళీ ముడిచి, “దీన్నెవరండీ ఇక్కడ పడేశారు” అని కొట్టువాణ్ణి కసిరింది. మూకుడు మరిచిపోయి నన్ను పట్టుకెళ్ళింది. మిగిలిన కథంతా ఆవిడదీ నాదీ.

తాయారు లేసు అల్లేది. మా ఊళ్ళో లేసు అల్లని ఆడది ఉంటే చూపించండి. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇంత దారపుండ, ఓ కొక్కెం సూది పట్టుకుని ఏదో ఒక వసారాలో చేరతారు. పువ్వులు విడివిడిగా అల్లి, తర్వాత అతికి, బల్లగుడ్డలు చేసి షావుకారుకిస్తారు. ఎక్కడో చలిదేశంలో ఎవరో వాటి మీద టీ ఒలకబోసుకుంటారు. తాయారు చేతిపని ఒకప్పుడు చెప్పుకోదగ్గదే. కానీ నలభై దాటేసరికి వేళ్ళ కీళ్ళు పట్టేశాయి. సూది నిలవదు. మొగుడు లేడు, వేరే పని రాదు. ఉన్నదల్లా మంచి గొంతు. వసారాలో వాళ్ళు ఒక ఏర్పాటు చేసుకున్నారు. తాయారు రోజూ చదివి వినిపించాలి, అల్లేవాళ్ళు తలా ఒక పువ్వు ఆవిడ పేరు మీద అల్లాలి. షావుకారు వచ్చినప్పుడు చూస్తే ఆవిడ బల్లగుడ్డలో ఏ రెండు పువ్వుల బిగువూ ఒకలా ఉండేది కాదు. అయినా ఎప్పుడూ ఏమీ అనలేదు.

ఆ వసారా ఎవరిదనుకున్నారు? పేరిందేవిది. ఇప్పుడు పెద్దావిడ, పేరిందేవి గారు. మొగుడు పోయేనాటికి ఆవిడ కడుపులో ఉన్న కొడుకు సత్యమూర్తికి బస్టాండు దగ్గర మందుల షాపుంది. తాయారు నన్ను తెచ్చి వసారాలో విప్పగానే పెద్దావిడ సూది ఆపి, తామరపువ్వు మీద వేలు పెట్టి, విరిగిన రేకు దగ్గర ఆగిపోయింది.

“ఇది శాస్త్రిగారి పీఠం తాయారూ.”

“మీకెలా తెలుసండి అత్తయ్యగారూ?”

పెద్దావిడ సూది మళ్ళీ చేతిలోకి తీసుకుంది. “దీని మీద చదువుతానంటే చదువు. కానీ అశుభం దగ్గర మాత్రం పుస్తకం మూయకు” అంది.

కొన్నేళ్ళు పురాణాలు నడిచాయి. ఒకటికి మూడుసార్లు తిరగేశారు. నేను సుఖంగా ఉన్నాను. నా సుఖాన్ని చెడగొట్టింది ఎస్తేరమ్మ. వసారాలో అందరికన్నా వేగంగా అల్లేదీ ఆవిడే, అందరికన్నా ఎక్కువగా మాట్లాడేదీ ఆవిడే. ఆదివారం చర్చి, సోమవారం లైబ్రరీ, ఈ రెండూ తప్పవు.

“పిన్నిగారూ, ఏమీ అనుకోకండి,” అంది ఒకరోజు పెద్దావిడతో. “ఎవరు ఎవర్ని చంపుతారో మనకి ముందే తెలుసు. చచ్చేవాడికీ తెలుసు. ఎవరు చంపేరో ఆఖరి దాకా తెలీని కథ ఒకటి చదివేను. రాజుల కాలం నాటిది. కోటలో తాళం వేసిన గదిలో చచ్చిపోయి ఉంటాడండి కోశాధికారి.”

“హత్యలా? ఈ పీఠం మీదా?” అంది పెద్దావిడ.

“పురాణంలో లేని హత్యలాండి?”

పెద్దావిడ జవాబు వెతుక్కునేలోపల మిగతావాళ్ళు “గదికి తాళం లోపలినుంచా, బయటినుంచా?” అని అడగడం మొదలెట్టారు. అయిపోయింది నా పని. మర్నాడు పట్టుగుడ్డ తీసేసి, అట్ట చిరిగిన లైబ్రరీ నవల నా ఒళ్ళో పెట్టారు. దాని పేరు ‘మూత పడని మేనా’. మొదటి పుటలోనే శవం. సిగ్గుతో నా పళ్ళు బిగుసుకుపోయాయి.

అసలు చిక్కు అప్పుడు తెలిసింది. హత్య జరిగాక పుస్తకం మూయడానికి వీల్లేదు కదా! నియమం నియమమే. తాయారు చదువుతూ పోయింది. దర్యాప్తు, అనుమానం, బెదిరింపు, ఇంకో శవం. శుభమన్న మాట లేదు. పొయ్యి వెలిగించే వేళయింది, పిల్లలు బళ్ళనుంచి వచ్చి గుమ్మంలో నిలబడ్డారు, ఎవరూ కదల్లేదు. చివరికి కోటలో ఒక ఆవు ఈనింది. “హమ్మయ్య, ఆపెయ్” అని అందరూ ఒక్కసారి లేచారు. ఆ రచయిత ఆ ఆవుని ఎందుకు పెట్టాడో గానీ, మా వీధిలో ఎన్నో ఇళ్ళలో ఆ పూట అన్నం ఉడికిందంటే దాని చలవే.

ఆ తర్వాత ఎస్తేరమ్మ నవలని మెచ్చుకునే పద్ధతే మారిపోయింది. ముందు తను చదివి వచ్చేది. అందరూ అడిగే మొదటి ప్రశ్న కథ బాగుందా అని కాదు, ఆగడానికి చోటుందా అని.

“‘ఏనుగుల సావిడి’ దివ్యంగా ఉందండి. కానీ అడుగడుక్కీ శవమే. పండగ సెలవుల్లో పెట్టుకోవాలి. ‘రాతి దివిటీ’ అయితే నిక్షేపం. ప్రతి అధ్యాయం చివరా ఎవరో ఒకళ్ళు దీపం పెడతారు. చంటిపిల్లలున్నవాళ్ళు కూడా వినొచ్చు.”

ఈ సిఫార్సులు ఆ వసారాలో ఆగలేదు. పక్కవీధి లేసువాళ్ళు, గోదావరి దాటించే పంటు రేవు దగ్గర టికెట్లిచ్చే ఆయన భార్య, చివరికి లైబ్రరియన్ కూడా “ఎస్తేరమ్మగారూ, ఇది ఆగే నవలా, ఆగని నవలా?” అని అడిగేవారు. ఆవిడకి ఒకే పట్టుదల. హంతకుడెవరో చస్తే చెప్పదు. సూదితో పొడిచినా చెప్పదు. నేనూ ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను, అందుకే మీకూ చెప్పను.

ఏది శుభం, ఏది కాదు అని తీర్పు చెప్పేది పేరిందేవి గారు. వాన శుభం. పిడుగు కాదు. కడుపునిండా భోజనం శుభం. ఒకసారి వైద్యుడు ఒకాయన పాయసం తాగి తృప్తిగా తేన్చగానే పుస్తకం మూశారు. ఆయనే హంతకుడని నవల చివర తేలింది. వసారాలో యుద్ధమైంది. హంతకుడు తాగిన పాయసం శుభమెలా అవుతుందని ఒకళ్ళు, మనం మూసేటప్పటికి ఆయన మంచివాడేగా అని ఒకళ్ళు. పెద్దావిడ ఆలోచించి, “తెలీకముందు తాగిన పాయసం చెల్లుతుంది” అని తేల్చింది. కోర్టులో కూడా అంత న్యాయం దొరకదు.

ఇంకో విద్యలోనూ ఆవిడే మొనగత్తె. రచయితల పొరపాట్లు పట్టడం. కాకతీయుల కాలం సిపాయి మిరపకాయ బజ్జీ కొరికాడని చదవగానే సూది ఎత్తేది. “ఆపు తాయారూ. అప్పటికి మన దేశంలో మిరపకాయేదీ? మిరియమే కదా కారం.” ఇంకో నవలలో రెడ్డిరాజుల కాలం ఇల్లాలు టమాటా పప్పు చేసింది. ఆ పుస్తకాన్ని ఆ పూటే లైబ్రరీకి తిరిగి పంపించేశారు. “తిండి దగ్గర అబద్ధమాడేవాడు హత్య దగ్గర నిజం చెబుతాడా” అనేది పెద్దావిడ. ఈ మాటకి నాకు ఆవిడ మీద గౌరవం పెరిగింది. నిజం చెప్పాలంటే అప్పటికి నాకే హత్యల రుచి పట్టింది. రాత్రిళ్ళు గోడకి ఆనుకుని, హంతకుడు దుబాసీ కాదు, కోమటి అని నాలో నేనే లెక్కలు వేసుకునేవాణ్ణి.

దుబాసీ అన్నాను కదా, ఆ నవల పేరు ‘వలందుల గిడ్డంగి’. మా పక్కనున్న పాలకొల్లులో డచ్చివాళ్ళు బట్టల వ్యాపారం చేసిన కాలం కథ. వాళ్ళనే అప్పట్లో వలందులనేవారు. ఎస్తేరమ్మ దాన్ని నెత్తిన పెట్టుకుని తెచ్చింది. “మన ఊళ్ళే అండి! మన కాలవలే! అద్దకాల మేస్త్రీని నీలిమందు తొట్టిలో ముంచి చంపేసేరు. ఆచూకీ తీసేది వలందుల మాటలు తర్జుమా చేసే దుబాసీ. ఆగడానికి బోల్డు చోట్లున్నాయి, నాదీ పూచీ.”

ఆ రోజు పెద్దావిడ పొద్దుట్నుంచి కడుపులో పోటని అంటూనే ఉంది. అయినా వసారాలో అందరికీ తనకిష్టమైన బంగాళాదుంప వేపుడు చేసి పెట్టింది. తను మాత్రం తినలేదు. కథలో మేస్త్రీ కూతురు సోమి గిడ్డంగిలోకి వెళ్ళింది. బయట ఎవరో తలుపు మూసి గడియ పెట్టారు. లోపల గంధకం పొగ. తాయారు గొంతు తగ్గించి చదువుతోంది. సోమి తలుపు మీద బాదుతోంది. అప్పుడే పేరిందేవి గారు పక్కకి ఒరిగిపోయింది.

ఇంకెవరు పుస్తకం సంగతి చూస్తారు? సత్యమూర్తికి ఫోన్ చేశారు, ఆటో వచ్చింది, ఎత్తుకుని తీసుకెళ్ళిపోయారు. వసారా ఖాళీ. దారపుండలు దొర్లుతున్నాయి. నా ఒళ్ళో పుస్తకం తెరిచే ఉంది, సోమి తలుపు బాదుతూనే ఉంది. గాలికి ఒక పుట లేచింది. పడిపోతుందేమో, మూసుకుపోతుందేమోనని నేను బిగబట్టాను. నాలో ప్రాణమంటూ ఉంటే ఆ పూట తెలిసింది.

కాసేపటికి తాయారు, ఎస్తేరమ్మ పరుగెత్తుకుంటూ తిరిగొచ్చారు. ఎస్తేరమ్మ మొహంలో నెత్తురు చుక్క లేదు.

“పిత్తాశయంలో రాళ్ళంట, చీము పట్టిందంట. ఇప్పుడే ఆపరేషన్ చెయ్యాలంటే సంతకం పెట్టనంటోంది. కథ ఎక్కడ ఆగిందో తనకి తెలుసంట, ఆ పిల్ల బయటపడేదాకా కత్తి పెట్టనివ్వనంటోంది. అయ్యో దేవుడా, ఈ పుస్తకం నేనెందుకు తెచ్చేను!”

తాయారు పుస్తకాన్ని మూయకుండా, నన్ను ముడవకుండా, మా ఇద్దర్నీ ఉన్నట్టుగా ఎత్తి గుండెకి ఆనించుకుంది. అలాగే ఆటో ఎక్కింది. భీమవరం రోడ్డు గతుకులకి నా నడుం పళ్ళలో ఒకటి పటుక్కుమంది. కిక్కురుమనలేదు. అది నా నొప్పి గురించి మాట్లాడే సమయం కాదు.

నర్సింగ్ హోంలో పెద్దావిడ గోడకేసి తిరిగి పడుకుని ఉంది. మొహం పసుపుపచ్చగా ఉంది. సత్యమూర్తి కాళ్ళ దగ్గర నిలబడి బతిమాలుతున్నాడు. “అమ్మా, అది కథే. ఎవడో రాసేడు. నువ్వు లేకపోతే నేనేమైపోవాలి?”

“మీ నాన్నప్పుడూ కథే అన్నారు,” అంది ఆవిడ.

డాక్టరుగారు చిన్నవాడు. ఇంత వయసులో మూఢనమ్మకాలేంటని అనబోయి, నా మీద పుస్తకం చూసి ఆగిపోయాడు. “ఏదైనా చదవాలంటే త్వరగా చదివెయ్యండమ్మా. ఆలస్యం చేస్తే లోపల పగిలిపోతుంది. నా చేతుల్లో ఉండదు” అన్నాడు.

నన్ను మంచం పక్క స్టూలు మీద పెట్టారు. తాయారు ఎస్తేరమ్మ వైపు చూసింది. ఎస్తేరమ్మ ఆవిడ చెవిలో, “దగ్గర్లో ఏమీ లేదే తాయారూ. తలుపు తెరుచుకునేసరికి బోల్డు పుటలు. నాకే గుర్తులేక బోల్డు చోట్లున్నాయని కూసేను. ఆ తెరిచేది ఎవరంటే...” అని నాలుక కరుచుకుంది. అంత ఆపదలోనూ హంతకుడి గుట్టు విప్పలేక కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

తాయారు పుట మీద వేలు పెట్టింది. చదవడం మొదలెట్టింది.

“సోమి ఊపిరి అందక నేలకొరిగింది. అంతలో ఆకాశం చిల్లులు పడినట్టు వాన మొదలైంది. వాన నీళ్ళు గిడ్డంగి కప్పులోంచి కారి గంధకాన్ని ఆర్పేశాయి. దుబాసీ గడియ విరగ్గొట్టి తలుపు తీశాడు. సోమి బతికింది. ఆమెని ఇంటికి తీసుకెళ్ళి, తల తుడిచి, దీపం వెలిగించారు. దుబాసీ తల్లి వేడివేడి అన్నంలో నెయ్యి వేసి, బంగాళాదుంప వేపుడుతో కలిపి ముద్దలు చేసి తినిపించింది. సోమి కడుపునిండా తిని నిద్రపోయింది.”

పుట నా ఒళ్ళో ఉంది కదా, నాకు తెలుసు. ఆ పుటలో వాన లేదు. దీపం లేదు. దుబాసీ తల్లి ఆ నవల మొత్తంలో ఎక్కడా లేదు. ఆ పుటలో సోమి ఇంకా దగ్గుతూనే ఉంది. తాయారు కళ్ళు అక్షరాల మీద ఉన్నాయి గానీ అక్షరాలని చూడటం లేదు. ఆవిడ గొంతు మాత్రం ఒక్కచోటా తడబడలేదు. ఎన్నో ఏళ్ళు పవిత్ర గ్రంథాలు మోసినవాణ్ణి, నా మీద ఒక పచ్చి అబద్ధం చదువుతుంటే కిమ్మనకుండా మోశాను. విస్సాశాస్త్రి గారు చూస్తే ఏమనేవారో తెలియదు. నాకైతే ఆ గాలివాన రోజున ఆయన ఇంత పని చేసి ఉంటే బాగుండేదనిపించింది.

పెద్దావిడ గోడవైపు నుంచి ఇటు తిరిగింది. తాయారు మొహంలోకి చాలాసేపు చూసింది.

“కడుపునిండా తిందా?” అంది.

“తినేసిందండి అత్తయ్యగారూ.”

“అయితే మూసెయ్. ఏదిరా సత్యం, ఆ కాగితం?”

సంతకం పెట్టింది. తీసుకెళ్ళారు. కానీ తాయారు పుస్తకం మూయలేదు. ఎలా మూస్తుంది, సోమి ఇంకా లోపలే ఉందని ఆవిడకి తెలుసు కదా. అలాగే తెరిచిన పుస్తకంతో నన్ను వరండాలో బెంచీ మీద పెట్టుకుని కూర్చుంది. ఒక నర్సమ్మ వచ్చి చోటు కోసం పుస్తకం మూయబోయింది. “మూయకండి!” అని సత్యమూర్తితో సహా ముగ్గురూ ఒక్క గొంతుతో అరిచారు. ఆవిడ బెదిరిపోయి, “ఏం పుస్తకమండీ ఇది?” అంది.

ఎస్తేరమ్మకి ఊపిరి పీల్చుకోవడానికి ఏదో ఒకటి కావాలి. కొంగుతో మొహం తుడుచుకుని మొదలెట్టింది. “చారిత్రక అపరాధ పరిశోధన నవలండి. మన పాలకొల్లు కథే. మీకు నైటు డ్యూటీలుంటాయా? అయితే దీంతో మొదలెట్టకండి. ‘రాతి దివిటీ’ చదవండి ముందు...” అలా చెబుతూ చెబుతూ ఏడుస్తోంది, ఏడుస్తూ చెబుతోంది. నర్సమ్మ లోపలికి వెళ్ళడం మరిచిపోయి వింటోంది.

తలుపు తెరుచుకుంది. డాక్టరుగారు ముక్కు మీద గుడ్డ దించి నవ్వాడు. “బాగానే అయింది. ఇంకొంచెం ఆలస్యమైతే కష్టమయ్యేది” అన్నాడు. సత్యమూర్తి గోడకి ఆనుకుపోయాడు. ఎస్తేరమ్మ ఉన్నచోటే నేల మీద కూలబడి స్తోత్రం చెప్పుకుంది. తాయారు వంకర్లు తిరిగిన ఆ వేళ్ళతో నా రెండు రెక్కల్నీ గట్టిగా పట్టుకుంది. ఆవిడ అరచేతులు చెమటతో తడిసి ఉన్నాయి. హమ్మయ్య అన్న మాటకి ఎంత బరువుంటుందో, అది దిగిపోతే ఎంత తేలికగా ఉంటుందో ఆ చేతుల్లో తెలిసింది.

పెద్దావిడ ఇంటికొచ్చి, కాస్త కోలుకుని, మళ్ళీ వసారాలో దిండుకి ఆనుకుని కూర్చున్న రోజు అందరూ చేరారు. తాయారు నన్నూ, నా మీద అలాగే తెరిచి ఉంచి కాపాడుకొచ్చిన పుస్తకాన్నీ తెచ్చి మధ్యలో పెట్టింది. అప్పటిదాకా ఆవిడకి లోపల ఒక దిగులు. బతికించిన పిల్లని మళ్ళీ గిడ్డంగిలో ఎలా పెట్టాలి? కొన్ని పుటలు దాటేద్దామని మెల్లగా తిప్పబోయింది.

“తాయారూ,” అంది పెద్దావిడ, కళ్ళజోడు మీద నుంచి చూస్తూ. “నిజంగా ఆగిన చోటునుంచి చదువు.”

ఎస్తేరమ్మ సూది ఆగిపోయింది.

“వలందుల కాలంలో మన గోదావరి ఒడ్డున బంగాళాదుంప ఎక్కడిదే? కందో, పెండలమో అని చెప్పినా నమ్మేదాన్నేమో.”

తాయారు తల వంచేసుకుంది. “నాకేం తోచలేదండి అత్తయ్యగారూ. ఆ పొద్దున్న మీరు చేసి, మీరే తినలేదు. అదే నోటికొచ్చేసింది.”

“మరి తెలిసీ సంతకం ఎందుకు పెట్టేరండి?” అంది ఎస్తేరమ్మ, ఆపుకోలేక.

పెద్దావిడ నా మీద తామరపువ్వుని తడుముతూ, విరిగిన రేకు దగ్గర వేలు ఆపింది. “నా కోసం ఒకత్తి పుస్తకమే మార్చేసింది. నాకు ఇంతకన్నా మంచి చోటు ఎక్కడ దొరుకుతుందే ఆగడానికి?” అంది. తర్వాత కొంగుతో కళ్ళు ఒత్తుకుని, “ఊఁ, చదవ్వేం? ఆ పిల్ల పొగలో చచ్చిపోతోందక్కడ!” అని కసిరింది.

ఆ పూట పొద్దుపోయేదాకా చదివారు. తలుపు తెరుచుకుంది. ఎవరు తెరిచారో చెప్పను. సోమి బయటపడింది, గుక్కెడు గంజి తాగింది. “గంజి సరిపోయింది కాలానికి” అని పెద్దావిడ తల ఊపాక తాయారు పుస్తకం మూసింది. అన్నాళ్ళ తర్వాత నా నడుం వాల్చి ముడుచుకున్నాను.

విరిగిన నా పన్ను దగ్గర ఎస్తేరమ్మ లేసు దారం బిగించి కట్టింది. పీఠానికి లేసు కట్టు ఏంటని నవ్వేవాళ్ళు నవ్వుతారు. ఆ కట్టుతోనే ఇప్పటికీ నిలబడుతున్నాను, లావు నవలలు కూడా మోస్తున్నాను. పట్టుగుడ్డ మీద నాకు ఇప్పుడు బెంగ లేదు.

మొన్న నర్సింగ్ హోం నుంచి ఆ నర్సమ్మ వెతుక్కుంటూ వచ్చింది. ‘రాతి దివిటీ’ చదివేసిందట, ఇప్పుడు ‘వలందుల గిడ్డంగి’ కావాలట. ఎస్తేరమ్మ నోరు తెరిచేలోపల పేరిందేవి గారే అందుకుంది.

“తప్పకుండా చదువమ్మా, భేషైన నవల. గిడ్డంగి తలుపు పడ్డాక మాత్రం ఆగడానికి చోటు లేదు. అక్కడ ఆగిపోవలసి వస్తే మా తాయారుకి కబురు పెట్టు. ఆ చోటు తనకే బాగా వచ్చు.”